ఎంవీపీ కాలనీ గానుగ నూనె షాపు: 40 వేలతో పేరు వేయించి కస్టమర్లకు ఏం ఇస్తే బాగుంటుంది?

గానుగ_ఎంవీపీ · అక్టోబరు 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది గానుగ నూనె షాపు. నువ్వులు, వేరుశెనగ, కొబ్బరి ఆడతాం. ఈ సంక్రాంతికి షాపు పెట్టి మూడేళ్లు నిండుతాయి. ఇన్నాళ్లూ నోటిమాట మీదే నడిచింది. ఈసారి షాపు పేరు వేయించి కస్టమర్లకు ఏదైనా ఇద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం. 40 వేలు పక్కన పెట్టాం. మాకు అది చిన్న మొత్తం కాదు, రెండు నెలల అద్దె.

సప్లయర్ ఒకాయన వచ్చి కేటలాగ్ చూపించాడు. కీచైన్లు, పెన్నులు, మగ్గులు, నాన్ వోవెన్ సంచులు, టోపీలు. 500 కీచైన్లు తీసుకుంటే రేటు బాగా తగ్గిస్తానంటున్నాడు. మా పుస్తకంలో చూస్తే నెలనెలా తప్పకుండా వచ్చేవి 180 ఇళ్లు. అప్పుడప్పుడు వచ్చేవాళ్లు ఇంకో 300 మంది దాకా ఉంటారు. అందరికీ ఇవ్వాలా, కొందరికేనా? ఏం వస్తువు? పేరొక్కటే వేయించాలా, ఫోన్ నంబరు, బొమ్మ, అన్నీ ఉండాలా? ఇదివరకు ఇలాంటివి చేసినవాళ్లు మీకు ఏం జరిగిందో చెప్పండి. రేపే అడ్వాన్స్ ఇవ్వమంటున్నాడు, టెన్షన్‌గా ఉంది.

స్క్రీన్‌ప్రింట్_అల్లిపురం · అక్టోబరు 9, రాత్రి 10:15

అమ్మా, రేపు మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు మీ షాపు పేరు వేసిన పీసు ఒక్కటి చేతికి ఇమ్మనండి. ఇవ్వనంటే ఆ బేరం వద్దు. 22 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కేటలాగ్ ఫొటో వేరు, చేతికొచ్చే సరుకు వేరు. తీరిగ్గా రేపు రాస్తాను.

ఎలక్ట్రికల్స్_గాజువాక · అక్టోబరు 10, ఉదయం 7:05

కీచైన్ల గురించి నా అనుభవం చెప్తాను. నాలుగేళ్ల కిందట షాపు వార్షికోత్సవానికి 1000 కీచైన్లు చేయించాను. ఇనుము మీద మెరుపు పూత. అట్టపెట్టె విప్పినప్పుడు అద్దంలా ఉన్నాయి. 400 పంచాక మిగతావి షట్టర్ పక్కన అరలో పెట్టాను. వానాకాలం వచ్చింది. మన ఊరి గాలి సంగతి తెలుసు కదా, సముద్రపు ఉప్పు, చెమ్మ. ఒకరోజు పెట్టె తీస్తే రింగులన్నీ తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. సరే, అవి నా నష్టం. కానీ ఆ వారమే పాత కస్టమర్ ఒకాయన వచ్చి తెల్ల చొక్కా జేబు చూపించాడు. జేబు అడుగున గుండ్రంగా గోధుమరంగు మరక. తాళాలు ఆ జేబులోనే వేసుకుంటాడట. ఏమీ అనలేదు, చూపించి వెళ్లిపోయాడు. ఆ మరక నేను డబ్బు పెట్టి వేయించిందే కదా.

మధురవాడ_టెక్ · అక్టోబరు 10, ఉదయం 9:30

అక్కా, నా మాట వింటే ఈ 40 వేలు ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌లో పెట్టండి. చుట్టూ 5 కిలోమీటర్లలో ఉన్నవాళ్లకే కనపడేలా పెట్టుకోవచ్చు. వస్తువులంటే ఎంతమంది చూశారో లెక్క తెలీదు. మా ఆఫీసులో జాయిన్ అయిన ప్రతివాళ్లకూ కంపెనీ టీషర్ట్, బాటిల్, డైరీ ఇస్తాం. బాటిల్ ఒక్కటే వాడతారు. టీషర్ట్ వేసుకున్నవాళ్లను నేను చూడలేదు.

గానుగ_ఎంవీపీ · అక్టోబరు 10, ఉదయం 11:20

తమ్ముడూ, నిరుడు ఆరు వేలు పెట్టి ఆ యాడ్స్ చూశాం. ఫోన్లు చాలానే వచ్చాయి. అందరూ రేటు అడిగి, ప్యాకెట్ నూనెతో పోల్చి పెట్టేశారు. మా దగ్గర కొనేవాళ్లు ఎక్కువగా యాభై దాటినవాళ్లు. పక్కింటావిడ చెబితే వస్తారు. అందుకే వాళ్ల ఇంట్లోకి వెళ్లే వస్తువు ఏదైనా ఇద్దామన్న ఆలోచన.

ఉక్కునగరం_విశ్రాంత · అక్టోబరు 10, మధ్యాహ్నం 3:10

అమ్మా, క్యాలెండర్ వేయించండి. తిథి, వర్జ్యం, రాహుకాలం ఉన్న తెలుగు క్యాలెండర్ కావాలి. మా ఇంట్లో పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన రోజు, పనమ్మాయి రాని రోజు, అన్నీ ఆ గళ్లలోనే మా ఆవిడ రాస్తుంది. సంవత్సరమంతా వంటింటి గోడ మీద ఉంటుంది. పైన దేవుడి బొమ్మ ఉంటే ఏడాది అయిపోయినా పారేయడానికి చెయ్యి రాదు.

ఇంకో సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. సిగ్నల్ వచ్చాక ముందు ఇన్వర్టర్ బాగు చేయించాలి. మెకానిక్ నంబరు నా ఫోన్‌లో లేదు. అతని షాపు క్యాలెండర్ తలుపు వెనక వేలాడుతోంది. సగం తడిసిపోయింది కానీ కింద నంబరు కనిపిస్తోంది. అప్పటి నుంచి ఇంట్లో వైరింగ్ పని ఏదున్నా అతన్నే పిలుస్తాను. మనిషి మంచివాడు కూడాను.

గోపాలపట్నం_టిఫిన్స్ · అక్టోబరు 10, రాత్రి 11:50

దేవుడి బొమ్మ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇది ఎవరికీ చెప్పుకోలేదు.

సింహాచలం గిరి ప్రదక్షిణ మా వీధి మీదుగానే వెళ్తుంది. 32 కిలోమీటర్లు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, కొండ చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు మధ్యాహ్నం మొదలై రాత్రంతా లక్షల మంది నడుస్తారు. ఆ ఉక్కపోతలో విసనకర్ర ఇస్తే ఎంత బాగుంటుందో అనిపించింది. అట్టతో 3000 చేయించాను. ఒకవైపు అప్పన్న స్వామి, రెండోవైపు మా టిఫిన్ సెంటర్ పేరు. జనం సంతోషంగానే తీసుకున్నారు. గంటలో అయిపోయాయి.

తెల్లవారుజామున నాలుగింటికి షట్టర్ తీద్దామని బయటికొచ్చాను. రోడ్డంతా విసనకర్రలే. వాన చినుకులకు అట్ట మెత్తబడి, చేతి పుల్ల ఊడిపోయి పడేశారు. వెనకొచ్చేవాళ్లు చెప్పుల్లేని కాళ్లతో వాటి మీద నుంచే నడుస్తున్నారు. స్వామి ముఖం మీద మట్టి పాదాలు. ఒక పెద్దావిడ నడక ఆపి, వంగి ఒకటి తీసి కళ్లకద్దుకుని గోడ మీద పెట్టి వెళ్లింది. నేనూ మా కుర్రాడూ ఆ రోజు టిఫిన్లు వండలేదు. పది దాకా ఏరుతూనే ఉన్నాం.

పారేసే వస్తువు మీద దేవుడి బొమ్మ వేయకండి. క్యాలెండర్ గోడ మీద ఉంటుంది కాబట్టి అది వేరు.

ఉక్కునగరం_విశ్రాంత · అక్టోబరు 11, ఉదయం 5:45

మీరు ఏరారు చూశారా బాబూ, స్వామికి అది తెలుసు. మనసులో పెట్టుకోకండి.

స్క్రీన్‌ప్రింట్_అల్లిపురం · అక్టోబరు 11, ఉదయం 10:30

పనిలో నాకు తెలిసిన సంగతులు చెప్తాను, వస్తువు మీరు ఎంచుకోండి.

స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో ఫ్రేము కట్టాలి. ఖర్చంతా అక్కడే. 100 పీసులకు నాలుగు రంగులంటే వస్తువు కంటే ప్రింటు ఖరీదవుతుంది. ఒకే రంగు, పెద్ద అక్షరాలు, చవక, చూడ్డానికీ నీటు. మగ్గుల మీద ఫొటోలు వేసే సబ్లిమేషన్ పాలిస్టర్ మీద గానీ, పూత పూసిన పింగాణీ మీద గానీ పట్టుకుంటుంది, నూలు బట్ట మీద పట్టదు. బట్ట మీద రంగురంగుల బొమ్మ కావాలంటే డీటీఎఫ్ ఉంది, ఫిల్మ్ మీద ప్రింటు తీసి వేడితో బట్టకు అంటించడం. స్టీలు మీద అయితే లేజర్. వెనకటికి స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించేవాళ్లం కదా, అలాంటిదే. అది చెరగదు.

నాన్ వోవెన్ సంచి గుడ్డలా కనిపిస్తుంది కానీ అదీ ప్లాస్టిక్కే, పాలీప్రొపిలీన్. 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 60 గ్రాములు) కంటే పల్చగా ఉన్నది 2021 సెప్టెంబరు 30 నుంచి చెల్లదు. సప్లయర్ చూపించింది తూకం వేయించండి. ఎండలో ఉంచితే కొన్నాళ్లకు నలిపితే పొడి రాలుతుంది. పైగా మీది నూనె షాపు. నూనె చుక్క పడిన సంచి మీద మీ పేరుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అన్నిటికంటే ముఖ్యం తెలుగు అక్షరాలు. మా దగ్గర డిజైన్లన్నీ అను ఫాంట్లలో చేస్తారు. ఆ ఫైల్‌ను ఫాంటు లేని ఇంకో సిస్టంలో తెరిస్తే అక్షరాలు తారుమారవుతాయి. ఆరేళ్ల కిందట ఒక తేనె వ్యాపారికి 600 గుడ్డ సంచులు వేశాను. 'స్వచ్ఛమైన' అని ఉండాలి. ఛ వత్తు ఎగిరిపోయి 'స్వచమైన' అని పడింది. ప్రూఫ్ వాట్సాప్‌లో పంపాను, ఆయన ఫోన్‌లో చిన్నగా చూసి ఓకే అన్నాడు. నేనూ సరిగ్గా చూడలేదు. సంచులు ఆరేసిన తీగ కింద నిలబడి ఆయన కూతురు, ఏడో తరగతి పిల్ల, పైకి చదివింది. అప్పుడు తెలిసింది. సగం నష్టం నేను భరించాను. అప్పటి నుంచి అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని గీతల్లోకి, మార్చకుండా ఏ ఫైలూ మెషీన్ ఎక్కించను. ప్రూఫ్ కాగితం మీద, అసలు సైజులో ఇస్తాను. ఇంట్లో ఇద్దరితో గట్టిగా చదివించి సంతకం పెట్టమంటాను. మీరూ అలాగే అడగండి.

వలల_కొట్టు · అక్టోబరు 11, రాత్రి 8:20

ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలు, తాళ్లు అమ్ముతాం. మా నాన్న కాలం నుంచి ఒక అలవాటు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అది అయ్యాక మొదటిసారి బోట్లు కదిలే ముందు సరుకు కొన్నవాళ్లకు కొసరుగా తువ్వాలు ఇస్తాం. మొదట్లో పేరు ప్రింటు వేయించాం. ఉప్పునీళ్లకు, ఎండకు రెండు నెలల్లో పగుళ్లు వచ్చి పెచ్చులు ఊడిపోయింది. ఇప్పుడు అంచున దారంతో ఎంబ్రాయిడరీ చేయిస్తున్నాం. తువ్వాలు చిరిగినా పేరు ఉంటోంది.

నాకు అర్థమైంది ఒకటి చెప్తానమ్మా. ముందు మేం బోటు ఓనర్లకే ఇచ్చేవాళ్లం. ఓనర్లకు తువ్వాలు ఒక లెక్కా? వలతో రోజంతా పని చేసేది కళాసీలు. ఏ తాడు తెగింది, ఏది నిలిచింది వాళ్లకే తెలుసు. ఓనరు డబ్బిస్తాడు గానీ 'ఫలానా కొట్టులో తెద్దాం' అనేది వాళ్లు. మనిషికొకటి చొప్పున వాళ్లకే ఇవ్వడం మొదలుపెట్టాక మా వ్యాపారం తేడా నాకు తెలుస్తోంది. మీ నూనె ఇంట్లో ఎవరు పోస్తారు, ఎవరు వాడతారు? వాళ్ల చేతిలోకి వెళ్లేది చూడండి.

గానుగ_ఎంవీపీ · అక్టోబరు 11, రాత్రి 10:05

అన్నగారూ, మీ పోస్టు చదివి ఇవాళంతా షాపులో నిలబడి చూశాను. నూనె క్యాన్ తీసుకున్న ప్రతి ఒక్కరూ ఇంటికెళ్లి చిన్న సీసాలోకి ఒంపుకుంటారు. సాయంత్రం వచ్చిన ఒకావిడ 'గరాటు ఉంటే ఇవ్వమ్మా, పోసేటప్పుడు సగం గట్టు మీదే పోతోంది' అంది. ఈ మాట మూడేళ్లలో ఎన్నిసార్లు విన్నానో! స్టీలు గరాటు మీద పేరు వేయిస్తే?

స్క్రీన్‌ప్రింట్_అల్లిపురం · అక్టోబరు 11, రాత్రి 10:22

బ్రహ్మాండం. కానీ ప్రింటు వద్దు, లేజరే చేయించండి. ప్రింటు రంగు నూనె తగిలి కరుగుతుంది, అది వంటలోకి వెళ్లకూడదు. పేరు బయటి వైపు, అంచు కింద. లోపల వద్దు.

అనకాపల్లి_చెల్లి · అక్టోబరు 12, మధ్యాహ్నం 12:40

గరాటు నాకూ నచ్చింది. దూరప్రాంతాల డీలర్లకు, మీకు గింజలు ఇచ్చే రైతులకు ఇవ్వాలంటే మాత్రం ఏటికొప్పాక లక్కబొమ్మలు చూడండి. అంకుడు కర్ర, లక్క, ఆకులు గింజల నుంచి తీసిన రంగులు. 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మా ఇంటికి దగ్గరే, ఆ పని కళ్లారా చూస్తూ పెరిగాను. దయచేసి బొమ్మ మీద కంపెనీ లోగో వేయించకండి. తిరిగే కర్ర మీద లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి రంగు కరిగి అద్దుకుంటుంది, ఆ మెరుపు మీద స్టిక్కర్ చూస్తే బాధేస్తుంది. చిన్న అట్టముక్క దారంతో కట్టి దాని మీద పేరు రాస్తే చాలు. కర్ర ఆరడానికే టైం పడుతుంది, రెండు నెలల ముందే చెప్పాలి.

ఆడిటర్_సీతమ్మధార · అక్టోబరు 12, సాయంత్రం 6:00

లెక్కల వైపు నుంచి రెండు మాటలు. ఉచితంగా ఇచ్చే వస్తువుల మీద మీరు కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్నును మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోలేరు. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్). కాబట్టి కొటేషన్‌ను పన్నుతో కలిపే చూసుకోండి. ఊరికే ఇవ్వకుండా 5 లీటర్ల క్యాన్, గరాటు కలిపి ఒకే ధర అని అమ్మితే అది వేరే సంగతి. రెండూ అమ్మకం కిందికే వస్తాయి, క్రెడిట్ వస్తుంది. 2019 మార్చిలో వచ్చిన 92వ సర్క్యులర్‌లో దీని గురించి వివరంగా ఉంది. మీరు చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ స్కీములో ఉంటే మాత్రం ఎలాగూ క్రెడిట్ లేదు. ఖర్చు బిల్లు మాత్రం జాగ్రత్తగా ఉంచండి, వ్యాపార ప్రచారం కింద చూపించుకోవచ్చు.

డీలర్లకు పెద్ద బహుమతులు ఇచ్చేవాళ్లకు ఇంకోటి ఉంది. 2022 జూలై 1 నుంచి ఆదాయపు పన్నులో 194ఆర్ అనే సెక్షన్ వచ్చింది. వ్యాపార సంబంధం ఉన్న ఒకరికి ఏడాదిలో 20 వేలు దాటి ఇస్తే 10 శాతం టీడీఎస్. ఇంటి అవసరానికి నూనె కొనే కస్టమర్ల విషయంలో మీకు ఆ బెంగ లేదు.

మాజీ_మెడికల్_రెప్ · అక్టోబరు 12, రాత్రి 9:15

పదేళ్లు డాక్టర్లకు పెన్నులు, పేపర్‌వెయిట్లు పంచిన మనిషిని. ఇప్పుడు ఆ రంగంలో చాలా కట్టుదిట్టం చేశారు. మందుల కంపెనీల ప్రచారానికి పెట్టిన 2024 నాటి కోడ్ ప్రకారం పుస్తకాలు, క్యాలెండర్లు, డైరీల్లాంటివే ఇవ్వాలి, అదీ ఒక్కోటి 1000 రూపాయలు దాటకూడదు. అలా కావడమే మంచిదైంది. మీకు చెప్పాలనుకున్నది వేరే. గరాటుతో పాటు పాంప్లెట్ ఇస్తే అందులో 'షుగర్ తగ్గుతుంది, గుండెజబ్బు రాదు' అని రాయకండి. తిండి వస్తువుకు జబ్బు నయం చేస్తుందని ప్రచారం చేయడం ఆహార భద్రతా నిబంధనలకు విరుద్ధం. ఏ గింజ, ఎక్కడిది, ఏ రోజు ఆడారు, ఇది రాయండి. మీ అసలు బలం అదే కదా.

గానుగ_ఎంవీపీ · అక్టోబరు 19, రాత్రి 9:00

కీచైన్ల సప్లయర్‌కు వద్దని చెప్పేశాను. ఒక సీసా, ఒక క్యాన్ సంచిలో వేసుకుని పూర్ణా మార్కెట్ వెళ్లాం. స్టీలు సామాన్ల కొట్టులో గరాటు చూపించమని, అక్కడే సీసా మూతిలో పెట్టి చూశాను. మొదటి రకం గొట్టం లావు, సీసా మూతిలో దిగలేదు. రెండోది దిగింది కానీ బిగుసుకుపోయి గాలి పోయే దారి లేక, నీళ్లు పోస్తే బుడగలొచ్చి పైకి చిమ్మింది. మూడోదానికి గొట్టం పక్కన చిన్న గాడి ఉంది. నీళ్లు గడగడా దిగిపోయాయి. కొట్టాయన నవ్వి, 'గరాటు కొనడానికి సీసా పట్టుకొచ్చింది మీరేనమ్మా' అన్నాడు. అదే తీసుకున్నాం.

200 గరాట్లు, లేజర్‌తో కలిపి, పన్నుతో సహా 25 వేలు దాటలేదు. మిగిలిన డబ్బుతో బాబాయ్ గారు చెప్పినట్టు క్యాలెండర్లు. సొంత డిజైన్‌కు ఆలస్యమైపోయిందట. బొమ్మ ముందే అచ్చయి, కింద ఖాళీ పట్టీ ఉన్నవి దొరికాయి. అందులో మన పేరు వేస్తారు. 300 చెప్పాం. గరాటు మీద షాపు పేరు, ఫోన్ నంబరు, అంతే. ప్రూఫ్ కాగితం మీదే తీసుకుని మా అత్తయ్య చేత గట్టిగా చదివించాను.

ఎలక్ట్రికల్స్_గాజువాక · అక్టోబరు 19, రాత్రి 9:35

స్టీలుకు అయస్కాంతం పెట్టి చూశారా? అంటుకుంటే అది నికెల్ లేని రకం కావచ్చు, మన గాలికి చుక్కలు పడతాయి. నేను దెబ్బ తిన్నాక నేర్చుకున్నది ఇది.

గానుగ_ఎంవీపీ · అక్టోబరు 20, ఉదయం 8:10

పెట్టి చూశాను అన్నా, అంటుకోలేదు. థాంక్స్.

గానుగ_ఎంవీపీ · జనవరి 27, రాత్రి 10:30

మీరంతా అంత ఓపిగ్గా చెప్పారు, ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

క్యాలెండర్లు డిసెంబరు చివరి వారంలో ఇచ్చాం. చెప్పుకోదగ్గదేం లేదు, తీసుకున్నారు, కొందరు రెండోది అడిగారు. గరాట్లు సంక్రాంతి ముందు ఇచ్చాం. అక్కడే తప్పు చేశాను. నెలనెలా వచ్చేవాళ్లకు కౌంటర్ మీదే గరాటు ఇస్తుంటే, పక్కన నిలబడ్డ కొత్తావిడ చేతిలో క్యాలెండర్ పెట్టాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. 'మాకు లేదా అమ్మా' అంది. ఆ మాట రాత్రంతా గుచ్చుకుంది. మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. పాత కస్టమర్లకు ఇంటికి క్యాన్ పంపేటప్పుడు గరాటు అందులోనే పెట్టి పంపాం. షాపులో మాత్రం 5 లీటర్లు తీసుకున్న ఎవరికైనా గరాటు ఉంటుందని బోర్డు రాశాం. ఆ కొత్తావిడ నంబరు పుస్తకంలో ఉంటే ఫోన్ చేసి పిలిచి ఇచ్చాను. ఇప్పుడావిడ మా నెలవారీ లెక్కలో ఉంది.

గరాటు చూసి అడిగి వచ్చామని చెప్పినవాళ్లు ఇప్పటికి పదకొండు ఇళ్లు. విడిగా పుస్తకంలో రాసి పెడుతున్నాను. వెంకోజీపాలెం నుంచి ఒకాయన గరాటే పట్టుకొచ్చాడు, నూనె అడిగి, ఇది మా చెల్లెలిది, తిరిగి ఇచ్చేయాలి అని మళ్లీ జేబు రుమాలులో చుట్టుకుని తీసుకెళ్లాడు. ఆయనకు ఇంకోటి ఇచ్చాను.

వలల_కొట్టు · జనవరి 28, ఉదయం 6:20

చాలా సంతోషం అమ్మా. ఆ గాడి ఉన్న గరాటు మాకూ కావాలి, బోట్లలో ఇంజన్ ఆయిల్ పోయడానికి. సైజు చెప్పండి.

గానుగ_ఎంవీపీ · జనవరి 28, ఉదయం 9:15

పై మూతి నాలుగున్నర అంగుళాలు అన్నా. మీకు ఇంకా పెద్దది కావాలేమో, మీ డబ్బా మూతి కొలత పట్టుకునే వెళ్లండి.

ఇంకో ఆలోచన. గిరి ప్రదక్షిణ మా ఎంవీపీ మీదుగా కూడా వెళ్తుంది. ఈ ఆషాఢంలో షాపు ముందు మజ్జిగ ఇద్దామనుకుంటున్నాం. స్టీలు గ్లాసులే, అక్కడికక్కడే కడిగి మళ్లీ వాడేలా. పారేసేది ఏదీ ఉండకూడదు. పేరు ఒక గుడ్డ బ్యానర్ మీద ఉంటే చాలు. రాత్రంతా గ్లాసులు కడగడానికి మనుషులు కావాలి.

గోపాలపట్నం_టిఫిన్స్ · జనవరి 28, ఉదయం 9:40

నా దగ్గర 250 గ్లాసులు ఉన్నాయి. మా కుర్రాణ్ని తీసుకుని నేనే వస్తాను. ఆ రోజు మా షాపు మూసేస్తాం.